స్టాఫ్ లేరని భూగర్భ స్టేషన్‌ను ఎందుకు మూసేస్తారు?

ప్రశ్న ఇది: అడిగినవారి అమ్మాయి లండన్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. పార్ట్‌టైం పని ముగించుకుని రాత్రి పదిన్నరకు ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) స్టేషన్‌కు వస్తే గేటు వేసి ఉంది. సిబ్బంది లేక మూసేశామని బోర్డు పెట్టారు. కింద రైళ్లు మాత్రం ఆగకుండా వెళ్తూనే ఉన్నాయట. డబ్బులు కార్డు మీదే పోతాయి, గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి, అడుగడుగునా కెమెరాలున్నాయి. మరి ఇద్దరు ఉద్యోగులు రాలేదని స్టేషన్ మూసి ఆడపిల్లను రోడ్డు మీద నిలబెడితే అది భద్రత ఎలా అవుతుందని తండ్రిగారు అడుగుతున్నారు. మన దేశంలో మెట్రోల సంగతేమిటని కూడా అడిగారు.

మీ బాధ నాకు అర్థమైందండీ. తెలియని ఊళ్లో, రాత్రి పూట, పిల్ల ఫోన్ చేసి చెబితే ఏ తండ్రికైనా టెన్షనే. నేను లండన్ ట్యూబ్ స్టేషన్లలో చాలా ఏళ్లు పనిచేశాను, మొదట ప్లాట్‌ఫాం మీద, తర్వాత కంట్రోల్ రూంలో సూపర్‌వైజర్‌గా. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ రాత్రి గేటు వేసినవాళ్లు సరైన పనే చేశారు. ఇద్దరు లేకుండా ఆ స్టేషన్‌ను తెరిచి ఉంచితేనే మీరు భయపడాలి.

ముందు నియమం సంగతి. ఇంగ్లండ్‌లో భూమి లోపల ఉన్న రైల్వే స్టేషన్లకు ప్రత్యేకమైన అగ్నిమాపక నిబంధనలున్నాయి. 1971 నాటి చట్టంలోని 12వ సెక్షన్ కింద 1989లో వాటిని తెచ్చారు. అందుకే డ్యూటీలో ఉన్నవాళ్లు ఆ స్టేషన్లను ఇప్పటికీ 'సెక్షన్ 12 స్టేషన్లు' అంటారు. 2009లో నిబంధనలను కొత్తగా రాశారు గానీ అసలు షరతు పోలేదు: ప్రయాణికులకు తెరిచి ఉన్నంతసేపూ స్టేషన్‌లో కనీసం ఇద్దరు సిబ్బంది ఉండాలి. ఒకరు తగ్గి, బదులు మనిషి దొరకకపోతే, ఉన్న జనాన్ని పంపించి గేటు వేయాల్సిందే. పెద్ద స్టేషన్లకు ఇద్దరు చాలరు. అలాంటి ప్రతి స్టేషన్‌కూ సొంతంగా రద్దీ, అత్యవసర ప్రణాళిక ఉంటుంది. ఎంతమంది ఉంటే ఏ భాగం తెరవవచ్చో అందులో రాసి ఉంటుంది.

ఆకాశం కనిపించే స్టేషన్లకు ఈ పట్టింపు లేదు. లండన్‌లోనే డాక్‌లాండ్స్ లైట్ రైల్వే ఉంది, దాని రైళ్లకు డ్రైవర్ ఉండడు. దాని స్టేషన్లలో చాలావాటిలో సిబ్బంది కూడా ఉండరు. కానీ అదే రైల్వేలో బ్యాంక్, కటీ సార్క్ లాంటి భూగర్భ స్టేషన్లలో మాత్రం మనుషుల్ని పెట్టి తీరతారు. రైలు డ్రైవర్ లేకుండా నడవొచ్చు, నేల కింది స్టేషన్ సిబ్బంది లేకుండా నడవకూడదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1987లోకి వెళ్లాలి.

1987 నవంబరు 18, బుధవారం, కింగ్స్ క్రాస్ స్టేషన్. సాయంత్రం ఏడున్నర ప్రాంతం, ఆఫీసుల రద్దీ కాస్త తగ్గుతున్న వేళ. పికడిల్లీ లైన్ నుంచి పైకి వచ్చే ఎస్కలేటర్ చెక్కది. దాని మెట్ల కింద ఏళ్ల తరబడి గ్రీజు, దుమ్ము, కాగితం ముక్కలు పేరుకుపోయి ఉన్నాయి. భూగర్భ స్టేషన్లలో పొగ తాగడాన్ని అంతకు రెండేళ్ల ముందే, 1985లో నిషేధించారు. అయినా బయటికి వెళ్తూ ఎస్కలేటర్ మీదే సిగరెట్ వెలిగించుకునే అలవాటు జనానికి పోలేదు. ఎవరో పారేసిన అగ్గిపుల్ల మెట్టు పక్క సందులోంచి కింద పడిందని విచారణలో తేలింది.

మంటను ముందు చూసింది ప్రయాణికులే. ఒకరు టికెట్ కౌంటర్‌లో చెప్పారు. మరొకరు ఎస్కలేటర్‌ను ఆపే బటన్ నొక్కి, దిగిపొమ్మని అరిచారు. అప్పటికి అట్టపెట్టె కాలినంత మంట కూడా లేదు. ఎస్కలేటర్ కింద నీటి తుంపర చల్లే ఏర్పాటు ఉంది. దాన్ని తిప్పితే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పలేం గానీ, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లెవరూ దాన్ని వాడలేదు. వాడటం వాళ్లకు ఎవరూ సరిగా నేర్పలేదు. అంతకుముందు ఎన్నోసార్లు చెక్క ఎస్కలేటర్లకు మంట అంటుకోవడం, ఆరిపోవడం జరిగింది కాబట్టి సంస్థలో పైనుంచి కింది దాకా దాన్ని 'మంట' అని కూడా అనేవారు కాదు, 'రాజుకుంటోంది' అనేవారు. పోలీసుల రేడియోలు నేల కింద పనిచేయక, ఫైర్ బ్రిగేడ్‌ను పిలవడానికి ఒక కానిస్టేబుల్ పరుగున పైకి వెళ్లాల్సి వచ్చింది.

ఇక అన్నిటికంటే బాధ కలిగించే విషయం. కింద ప్లాట్‌ఫాంల మీద ఉన్న జనాన్ని బయటికి పంపడానికి పోలీసులు విక్టోరియా లైన్ ఎస్కలేటర్ల వైపు దారి చూపించారు. మంట పికడిల్లీ వైపు ఉంది, ఇటు మంట లేదు కదా అనుకున్నారు. కానీ రెండు ఎస్కలేటర్లూ పైన చేరేది ఒకే టికెట్ హాలుకు. రైళ్లు కూడా కొంతసేపు వచ్చి ఆగుతూ ఇంకా మనుషుల్ని దించాయి. ఏడూ నలభై ఐదుకు మంట ఒక్కసారిగా ఎస్కలేటర్ కాలువలోంచి ఎగదన్ని హాలు మొత్తాన్ని చుట్టేసింది. 31 మంది చనిపోయారు. వాళ్లలో సోహో ఫైర్ స్టేషన్ అధికారి కాలిన్ టౌన్స్‌లీ ఒకరు. ఏటవాలుగా ఉన్న ఎస్కలేటర్ గోడల మధ్య మంట పైకి లేవకుండా మెట్ల మీదే పడుకుని, పై మెట్లను వేడెక్కించుకుంటూ పరుగెత్తుతుందని అంతవరకు శాస్త్రవేత్తలకు కూడా స్పష్టంగా తెలియదు. తర్వాత కంప్యూటర్ లెక్కలతో, నమూనా కట్టి కాల్చి చూసి ఆ సంగతి నిర్ధారించారు.

డెస్మండ్ ఫెనెల్ నడిపిన విచారణ ఏడాది తర్వాత 157 సిఫార్సులు చేసింది. చెక్క ఎస్కలేటర్లు తీసేయడం, మంటను పసిగట్టే యంత్రాలు, నీళ్లు చల్లే గొట్టాలు, రేడియోలు, ఇవన్నీ అందరికీ గుర్తుంటాయి. (ఆఖరి చెక్క ఎస్కలేటర్ గ్రీన్‌ఫర్డ్ స్టేషన్‌లో 2014 దాకా నడిచింది.) మా ఉద్యోగాన్ని మార్చింది మాత్రం వేరే విషయం. ఆ రాత్రి కింగ్స్ క్రాస్‌లో మనుషులు లేకపోలేదు. ఏం చేయాలో నేర్పిన మనుషులు లేరు, వాళ్లను ఒక తాటి మీద నడిపించే ఏర్పాటు లేదు. అందుకే 1989 నిబంధనల్లో కనీస సిబ్బందినీ, వాళ్ల శిక్షణనూ కలిపే పెట్టారు. శిక్షణ లేని ఇద్దరిని నిలబెట్టినా, శిక్షణ ఉన్న ఒక్కరినే నిలబెట్టినా చట్టం ఒప్పుకోదు.

ఇద్దరే ఎందుకు, ఒకరుంటే చాలదా అన్నది మీ ప్రశ్నలో అసలు ముడి. అలారం మోగినప్పుడు ఏం జరుగుతుందో చెబితే మీకే అర్థమవుతుంది.

మీ అమ్మాయి ఎప్పుడో ఒకసారి "ఇన్‌స్పెక్టర్ శాండ్స్ వెంటనే ఆపరేషన్స్ రూంకు రావాలి" అన్న ప్రకటన వినే ఉంటుంది. అలాంటి ఇన్‌స్పెక్టర్ ఎవరూ లేరు. స్టేషన్‌లో ఎక్కడో ఫైర్ అలారం కదిలిందని, జనాన్ని కంగారు పెట్టకుండా సిబ్బందికి చెప్పే సంకేతం అది. ఆ మాట వినగానే కంట్రోల్ రూంలో ఉన్నవారు ప్యానెల్ చూసి ఏ గదో, ఏ ఎస్కలేటరో రెండోవారికి రేడియోలో చెబుతారు. రెండోవారు అక్కడికి వెళ్లి కళ్లతో చూడాలి. చాలాసార్లు అది దుమ్మో, ఎవరో చాటుగా వెలిగించిన సిగరెట్టో, మరమ్మతు పనివాళ్ల డ్రిల్లింగో అయి ఉంటుంది. ఒకవేళ నిజమైతే ఆ నిమిషం నుంచి పనులన్నీ ఒకేసారి మీద పడతాయి. రైళ్లు ఇక్కడ ఆగకుండా చూడమని లైన్ కంట్రోలర్‌కు చెప్పాలి. ఫైర్ బ్రిగేడ్‌ను పిలవాలి. ఖాళీ చేయమని ప్రకటన ఇవ్వాలి. టికెట్ గేట్లన్నీ తెరిచేయాలి. కిందికి వస్తున్న ఎస్కలేటర్లను ఆపాలి. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నారేమో చూడాలి. ఎవరు ఏ దారిన వెళ్లాలో ప్లాట్‌ఫాం మీద నిలబడి చేత్తో చూపించాలి. పైన గేటు దగ్గర కొత్తవాళ్లు లోపలికి రాకుండా ఆపాలి. ఫైర్ ఇంజిన్ వచ్చేసరికి తాళాలతో ఎదురెళ్లి, మంట ఎక్కడుందో, లోపల ఎవరున్నారో చెప్పాలి.

ఒకే మనిషి కంట్రోల్ రూంలో ఉంటే కింద పొగను చూసేవాళ్లు లేరు. కిందికి వెళ్తే పైన ప్యానెల్, మైకు, ఫోను చూసేవాళ్లు లేరు. కింద ఆయనకే ఏదైనా జరిగితే ఆ సంగతి బయటికి చెప్పేవాళ్లు కూడా లేరు. నన్నడిగితే చిన్న స్టేషన్‌కు కూడా ఇద్దరంటే బొటాబొటీ. ముగ్గురుంటే ఒకరు జనంతో ఉండగలరు. ఇద్దరి కంటే కిందికి దిగడమన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయమే కాదు.

పక్క స్టేషన్ నుంచి ఎవరినైనా పంపించవచ్చు కదా అంటారేమో. పంపిస్తారు, కుదిరినప్పుడు. అయితే వచ్చే మనిషికి ఆ స్టేషన్ గురించి ముందే చూపించి, నేర్పి, సంతకం పెట్టించి ఉండాలి. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, అత్యవసర మెట్లు ఎక్కడ తేలతాయి, ఏ రెండు దారులు పైన ఒకే హాలులో కలుస్తాయి, ఇవి తెలియని మనిషి యూనిఫాం వేసుకుని నిలబడితే జనం ఆయన మాటే నమ్ముతారు. నమ్మి తప్పు దారిన వెళ్తారు. కింగ్స్ క్రాస్‌లో విక్టోరియా లైన్ ఎస్కలేటర్లెక్కిన వాళ్లకు జరిగింది అదే. 2020 మార్చిలో కోవిడ్ మొదలైనప్పుడు ఇతర లైన్లతో కలవని స్టేషన్లను నలభై వరకు మూసేయాలని నిర్ణయించడానికి కారణం కూడా ఇదే లెక్క. ఉన్న కొద్దిమందితో అన్నిటినీ అరకొరగా తెరిచే బదులు, ముఖ్యమైన స్టేషన్లను పూర్తి సిబ్బందితో నడపాలనుకున్నారు.

కెమెరాల గురించి. నేను రోజూ వాటి ముందు కూర్చున్నవాణ్ణి, వాటి విలువ నాకు తెలుసు. అయితే కెమెరాకు కాలిన వాసన రాదు. పైగా పదుల కొద్దీ దృశ్యాల్లో ఏ క్షణాన ఏది చూడాలో ఎవరో ఒకరికి తోచాలి. 2020 మేలో వాటర్లూ స్టేషన్ బేకర్లూ లైన్‌లో ఒక ప్రయాణికుడు వంపు తిరిగిన ప్లాట్‌ఫాంకూ రైలుకూ మధ్య ఉన్న సందులో పడిపోయాడు. ఆయన పడటం ఎవరి కంటా పడలేదు. ప్లాట్‌ఫాం మీద సిబ్బంది లేరు, రైలు కదిలిపోయింది, ఆయన ప్రాణం పోయింది. డ్రైవర్ ముందు తెర ఉంది, కెమెరా ఉంది. ప్లాట్‌ఫాం అంచున నిలబడ్డ మనిషి లేడు.

అగ్ని ప్రమాదమే కానక్కర్లేదు, అగ్ని అన్న అనుమానం చాలు. 2023 మే 5 సాయంత్రం క్లాపమ్ కామన్ స్టేషన్‌లో నార్తర్న్ లైన్ రైలు బయల్దేరుతుండగా కాలిన వాసన, పొగ వచ్చాయి. ఎవరో అలారం లాగారు. రైలు కొంత సొరంగంలో, కొంత ప్లాట్‌ఫాంలో ఆగిపోయింది. లోపల దాదాపు 500 మంది. తలుపులు తెరవడానికి నాలుగు నిమిషాలు దాటింది. ఆ కాసేపట్లోనే వందమంది వరకు కిటికీల్లోంచి, పెట్టెల మధ్య తలుపుల్లోంచి బయటపడ్డారు. ప్లాట్‌ఫాం రెండు పట్టాల మధ్య సన్నగా ఉంటుంది, కాలు జారితే అవతలి పట్టాల మీద పడటమే. పెద్ద మంటలేవీ లేవు. లోపలున్నవాళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లూ లేరు. డ్రైవర్, స్టేషన్ సిబ్బంది, కంట్రోల్ రూం ఒకరికొకరు ఏం చూస్తున్నారో చెప్పుకోలేకపోతే ఎంతమంది ఉన్నా ఇలాగే అవుతుంది. ఈ ఘటన గురించి తోటివాళ్లతో ఎప్పుడు మాట్లాడినా అందరం ఒక్కటే అనుకుంటాం: ముందు తలుపులు తెరవాలి, వివరాలు తర్వాత కనుక్కోవచ్చు.

ఇదే పొరపాటు ఇంకా ఘోరంగా జరిగింది దక్షిణ కొరియాలోని దేగులో. 2003 ఫిబ్రవరి 18న ఒకడు జుంగాంగ్నో స్టేషన్‌లో ఆగిన రైల్లో నిప్పు పెట్టాడు. కొద్ది నిమిషాలకు అవతలి ప్లాట్‌ఫాంకు ఇంకో రైలు వచ్చి ఆగింది. స్టేషన్‌లో మంట ఉందని తెలిసి కూడా కంట్రోల్ రూం వాళ్లు జాగ్రత్తగా వెళ్లమన్నారు తప్ప దాన్ని ఆపలేదు. డ్రైవర్ ప్రయాణికుల్ని కూర్చోమని చెప్పాడు, తర్వాత తాళంచెవి తీసుకుని దిగిపోయాడు, తలుపులు మూసుకుపోయాయి. 192 మంది చనిపోతే వాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రైలు వాళ్లే. ఒక్క డ్రైవర్ మీద మొత్తం రైలును వదిలేసే పద్ధతి మీద ఆ తర్వాత కొరియాలో పెద్ద చర్చే నడిచింది.

స్టేషన్ నుంచి జనాన్ని పంపడమంటే ఒక ప్రకటన చాలనుకునేవాళ్లకు నేను పారిస్ సంగతి చెబుతుంటాను. 1903 ఆగస్టు 10న మెట్రోలో ఒక ఖాళీ రైలుకు మంట అంటుకుంది. వెనకాల వస్తున్న రైలును కురోన్ స్టేషన్‌లో ఆపి అందరినీ దిగి బయటికి వెళ్లమన్నారు. టికెట్ డబ్బులు వెనక్కి ఇస్తే గానీ కదలమని కొందరు వాదనకు దిగారు. అంతలో సొరంగంలోంచి పొగ కమ్ముకొచ్చింది, దీపాలు ఆరిపోయాయి. చీకట్లో ఎటు వెళ్లాలో తెలియక గోడ వైపు ఒకరి మీద ఒకరు పడ్డారు. 84 మంది పోయారు. ప్రమాదం కళ్లకు కనిపించేవరకు జనం కదలరు, కనిపించాక కదిలే వ్యవధి ఉండదు. ఆ మధ్యలో జనాన్ని కదిలించేది ఎదురుగా నిలబడి గట్టిగా, నమ్మకంగా చెప్పే మనిషే.

లండన్‌లో 2015లో ట్యూబ్ టికెట్ కౌంటర్లు మూసేసి, సిబ్బందిని తగ్గించారు. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లు హాలులోకి రావడం మంచిదే, నేను సమర్థించాను. తగ్గించడాన్ని మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. బదులు మనుషులు లేకుండా డ్యూటీ చార్టు వేస్తే, ఒకరికి జ్వరం వచ్చినా స్టేషన్ మూతపడుతుంది. మీ అమ్మాయికి ఆ రాత్రి ఎదురైంది చాలావరకు ఇలాంటిదే అయి ఉంటుంది. కాబట్టి మీరు ఫిర్యాదు రాయదలిస్తే 'ఎందుకు మూశారు' అని కాకుండా 'బదులు మనిషి ఎందుకు లేడు' అని రాయండి. జవాబు చెప్పాల్సింది గేటు దగ్గరున్న కుర్రాడు కాదు, చార్టు వేసినవాళ్లు.

మన దగ్గర సంగతి కూడా అడిగారు. హైదరాబాద్ మెట్రో మొదటి దశలోని 57 స్టేషన్లూ స్తంభాల మీదే ఉన్నాయి కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఈ భయం అలవాటు లేదు. కానీ బెంగళూరు మెజెస్టిక్‌లో, చెన్నై సెంట్రల్‌లో రోజూ వేలమంది తెలుగువాళ్లు నేల కిందే రైలు ఎక్కుతున్నారు. కోల్‌కతాలో 2018 డిసెంబరులో రవీంద్ర సదన్, మైదాన్ స్టేషన్ల మధ్య రైలుకు మంట అంటుకుని సొరంగంలో ఆగిపోతే, ప్రయాణికులు పొగలో ఊపిరాడక అద్దాలు పగలగొట్టారు. ప్రాణాలు పోలేదు, అది అదృష్టం. మన మెట్రోల్లో బ్యాగులు తనిఖీ చేసే సెక్యూరిటీ వాళ్లు ఎక్కువగానే కనిపిస్తారు. వాళ్లకు ఖాళీ చేయించే శిక్షణ ఎంత ఉంది, ఆ స్టేషన్ అత్యవసర మెట్లు వాళ్లు ఎన్నిసార్లు ఎక్కి చూశారు అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఇక మీ అమ్మాయి కోసం. ప్లాట్‌ఫాం మీద హెల్ప్ పాయింట్ అని ఉంటుంది. నీలం బటన్ సమాచారానికి, ఆకుపచ్చది అత్యవసరానికి. ఎవరైనా వెంటపడుతున్నారనిపించినా ఆకుపచ్చ బటన్ నొక్కవచ్చు, మొహమాటపడొద్దని చెప్పండి. రాత్రి రైలు కోసం ఆ హెల్ప్ పాయింట్ దగ్గరే నిలబడితే మంచిది. రైల్లో ఒంట్లో బాగోకపోతే, వీలైనంతవరకు సొరంగం మధ్యలో అలారం లాగకుండా తర్వాతి స్టేషన్‌లో దిగి చెప్పాలి. సాయం అందేది అక్కడే. రైలు ఆగిపోతే పట్టాల మీదికి దూకకూడదు, అక్కడ పక్కనా మధ్యనా ఉండే అదనపు పట్టాల్లో కరెంటు ఉంటుంది. ఎస్కలేటర్ మీద చున్నీ, చీర కొంగు, పొడుగు కోటు చేత్తో పట్టుకోవాలి. పైనా కిందా ఎర్రగా ఉండే ఆపే బటన్ ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోవాలి. వేరెవరి బట్టలైనా ఇరుక్కుంటే దాన్ని నొక్కాల్సింది దగ్గరున్నవాళ్లే.

రోజూ వాడే స్టేషన్‌లో రెండో దారి ఎక్కడ తేలుతుందో పగటిపూట ఒకసారి నడిచి చూడమనండి. పని నుంచి బయల్దేరే ముందు యాప్‌లో స్టేషన్ తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. మూసి ఉంటే ఎటు వెళ్లాలో ముందే అనుకుని ఉంచుకోవాలి. సెంట్రల్ లండన్‌లో స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. కొవెంట్ గార్డెన్ మూసేస్తే లీసెస్టర్ స్క్వేర్‌కు ఐదారు నిమిషాల నడక, అదీ దీపాలు, జనం ఉన్న వీధే. శివార్లలో అయితే నడవడం కంటే బస్సు మేలు. తను ఏ స్టేషన్‌లో ఎక్కుతుందో ఇక్కడ రాస్తే, దానికి దగ్గరి రెండో స్టేషన్, రాత్రి బస్సు నంబరు నేను చూసి చెబుతాను.